తెరిచిన సంచి మీద టైము

ఫ్యాక్టరీ గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టేసరికి మధ్యాహ్నం రెండూ పది. ఐదింటికల్లా నిజం తేలాలి. తేలకపోతే ప్యాకింగ్ సూపర్‌వైజరు ఉద్యోగం ఊడుతుంది, ఆమె మీద పోలీసు కంప్లయింటూ వెళుతుంది. మూడు గంటలు కూడా లేవు.

డిటెక్టివ్‌కి ఆ గేటు కొత్త కాదు. పదకొండేళ్ళు ఈ ఫ్యాక్టరీలోనే క్వాలిటీ సెక్షన్లో చిప్పులు తనిఖీ చేసింది. మైక్రోస్కోపు మీద వంగితే భోజనం బెల్లు కొట్టినా లేవదని అందరూ ఆమెకి భూతద్దం అని పేరు పెట్టారు. ఏడేళ్ళ కిందట ధరలు పడిపోయినప్పుడు ముప్ఫై ఏడుగురిని తీసేస్తే అందులో ఆమె ఒకతె. జన్మలో మళ్ళీ ఈ గడప తొక్కనని ఆరోజు ఒట్టు పెట్టుకుంది. ఉద్యోగం పోయినా పేరు వెంట వచ్చింది, ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక ఆ పేరే అచ్చొచ్చింది. ఇవాళ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి వచ్చిందంటే, ప్యాకింగ్ సూపర్‌వైజరు ఫోన్లో ఏడ్చిన ఏడుపు అలాంటిది.

ఆ పిల్ల క్యాంటీన్లో మూల బల్ల దగ్గర కూర్చుని ఉంది. క్యాంటీన్లో సగం బల్లలు తీసేసి అట్టపెట్టెలు పేర్చారు. గోడౌన్ నిండి, నడవాలు నిండి, అమ్ముడుపోని సరుకు ఇక్కడిదాకా వచ్చింది. చోటు దొరకని వాళ్ళు ఆ పెట్టెల మీదే క్యారియర్లు విప్పుకుని తింటున్నారు. ఈ పిల్ల దగ్గర మాత్రం ఎవరూ కూర్చోలేదు.

"ఏడుపు తర్వాత. ముందు టైములు చెప్పు," అంది భూతద్దం, గోడకి ఆనుకుని కూర్చుని నోట్‌బుక్ తీస్తూ. గోడ వెచ్చగా తగిలింది.

"సోమవారం పొద్దున పదీ అయిదుకి పర్సనెల్ ఆఫీసులో మీటింగుకి పిలిచారక్కా. ప్యాకింగ్‌లో ఎవరెవర్ని తీసెయ్యొచ్చో లిస్టు ఇమ్మన్నారు. పదకొండుంపావుకి బయటికొచ్చాను. నా సెక్షన్‌కి వెళ్ళి కూర్చున్నానో లేదో, పదకొండూ ఇరవై అయిదుకి గోడౌన్లో సైరన్ మోగింది."

"నిప్పు?"

"నిప్పూ లేదు, పొగా లేదు. పైకప్పుకి నిప్పార్పే నీళ్ళ గొట్టాలుంటాయి కదా, వాటి నాజిల్స్ రెండు పగిలాయి. ఫోర్క్‌లిఫ్ట్ తగిలిందంటున్నారు. డ్రైవరేమో తన బండి అటువైపు వెళ్ళనేలేదని మొత్తుకుంటున్నాడు. వాల్వు కట్టేద్దామంటే దాని ముందు కూడా సరుకు పేర్చేశారాయె. అవన్నీ లాగి కట్టేసరికి ముప్ఫై అయిదు నిమిషాలు. రెండొందల పన్నెండు పెట్టెలు తడిసి ముద్దయ్యాయి."

"తడిస్తే ఏం? చిప్పులు వెండిరంగు సంచుల్లో గాలి లాగేసి సీలు చేసి ఉంటాయిగా. చెరువులో పడేసినా లోపలికి చుక్క పోదు."

"అదే నా ఖర్మ! ప్రతి సంచిలోకీ నీళ్ళెళ్ళాయి. సీలు సరిగా వెయ్యలేదు, తప్పంతా ప్యాకింగ్‌దేనని ఆ ఇన్సూరెన్సు ఆయన రాసేశాడు." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "తొమ్మిదేళ్ళల్లో ఒక్క సంచి వెనక్కి రాలేదక్కా నా దగ్గర్నించి. ఈ మచ్చతో బయటికెళితే నన్ను రోడ్డవతల కూడా గేటు దాటనివ్వరు."

రోడ్డవతల అంటే ఎదుటి ఫ్యాక్టరీ. ఇవతలది చిన్నల్లుడిది, అవతలది పెద్దల్లుడిది. ఇద్దరూ ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళని చేసుకున్న తోడల్లుళ్ళు, చేసేదీ ఒకే రకం మెమరీ చిప్పు. రెండేళ్ళ కిందట గిరాకీ చూసి ఇద్దరూ నువ్వా నేనా అని కొత్త లైన్లు వేశారు. లైన్లు పూర్తయ్యేసరికి గిరాకీ చల్లారింది. ఇద్దరూ కాస్త తగ్గించి చేస్తే సరిపోయేది. కానీ తను తగ్గిస్తే అవతలివాడు తన ఖాతాదారుల్ని తన్నుకుపోతాడని ఇద్దరికీ భయమే. తొంభై రూపాయలకి అమ్మిన చిప్పుని ఒకడు ఎనభై అంటే ఇంకొకడు డెబ్బై అన్నాడు. అలా పాడుకుంటూ పాడుకుంటూ ముప్ఫై ఒకటికి తెచ్చారు. తయారీకే నలభై నాలుగవుతుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజూ ఫోన్లో గంటసేపు కబుర్లు చెప్పుకుంటారట. మొగుళ్ళు మాత్రం ఒకరి కొంప ఒకరు ముంచే పనిలో ఉన్నారు, మధ్యలో మునిగేది వీళ్ళ దగ్గర జీతానికి చేసేవాళ్ళు.

"ఇప్పుడు ధర ఎంతుంది?"

"యాభై రెండట. గోడౌన్ మొత్తం పోయిందని బయట పుకారు పుట్టింది. నాలుగు రోజుల్లో పాకింది ధర."

"నీ సెక్షన్ చూడాలి."

"సోమవారం నించీ తాళం వేశారక్కా. తాళాలు పై ఆఫీసులో ఉన్నాయి. నన్నే అడుగు పెట్టనివ్వట్లేదు."

భూతద్దం తలూపి లేచింది. క్యాంటీన్ గోడకి అవతలే ప్యాకింగ్ హాలు. తాళం వేసిన హాలు గోడ ఎందుకు వెచ్చగా ఉందో అప్పుడే అడగాల్సింది. ఆ మాట తర్వాత చాలాసార్లు అనుకుంది.

* * *

గోడౌన్లో ఇనప జాలీ కట్టిన స్క్రాప్ గది ముందు ఇన్సూరెన్సు సర్వేయరు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎండైనా వానైనా చొక్కా మడత నలగదు కనక ఆ వృత్తిలో వాళ్ళు అతన్ని ఇస్త్రీ బాబు అంటారు. ఇద్దరూ ఇదివరకు రెండు కేసుల్లో తలపడ్డారు. ఒకటి ఆమె గెలిచింది, ఒకటి అతను గెలిచాడు. గెలిచింది అతను మర్చిపోలేదు, ఓడింది ఆమె మర్చిపోలేదు.

"రండి మేడం, రండి. పెళ్ళయ్యాక బాజాలకొచ్చారు. రిపోర్టు పొద్దున్నే పంపేశాను."

"పంపినదాన్ని వెనక్కి తెప్పించడం మీకు అలవాటేగా."

ఇస్త్రీ బాబు నవ్వు సగంలో ఆగింది. భూతద్దం జాలీ తలుపు తోసి లోపలికి వెళ్ళింది. మురికి వాసన గుప్పుమంది. గొట్టాల్లో ఏళ్ళ తరబడి నిలవున్న తుప్పు నీళ్ళు పెట్టెల మీద గోధుమరంగు చారలు కట్టాయి. పాత అలవాటు కొద్దీ ముందు లెక్క పెట్టింది. వరసకి పది, పధ్నాలుగు వరసలు.

"నూట నలభయ్యే ఉన్నాయి. మిగతా డెబ్బై రెండు?"

"నిన్న పొద్దున క్లెయిమ్ కుదరదని నోటిమాటగా చెప్పేశాను. ఆ క్షణం నుంచీ సరుకు కంపెనీది. ఎక్కడ పెట్టుకుంటే మాకేం?" అన్నాడతను.

ఆమె ఒక పెట్టె విప్పింది. లోపల ఐదు వెండి సంచులు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి. పై సంచి కత్తిరించి లోపలున్న చిన్న అట్టముక్క తీసింది. తేమ చూపించే అట్ట అది. పొడిగా ఉంటే దాని చుక్కలు నీలంగా ఉంటాయి, తేమ తగిలితే గులాబీరంగుకి తిరుగుతాయి. చుక్కలన్నీ గులాబీగా ఉన్నాయి. చిప్పుల పిన్నుల మీద సన్నటి తుప్పు మరకలు కూడా ఉన్నాయి.

"చూశారుగా? సీలు లోపం," అన్నాడు ఇస్త్రీ బాబు.

భూతద్దం మూలనున్న బకెట్లో నీళ్ళు పట్టింది. రెండో సంచిని ముంచి, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టు మెల్లగా నొక్కింది. సీలు వేసిన అంచు నుంచి ఒక్క బుడగ రాలేదు. సంచి మూల దగ్గర్నించి మాత్రం బుడబుడమని వరసగా వచ్చాయి.

"సీలు బంగారంలా ఉంది. ఇది చిల్లు."

"అయితే ఇంకా మంచిది. గాలి మరీ గట్టిగా లాగితే లోపల చిప్పులు పేర్చిన ట్రే మూలలు పొడుచుకుని చిల్లులు పడతాయి. అదీ ప్యాకింగ్ తప్పే. మీ క్లయింటుని మీరే ఇంకో మెట్టు కిందకి దించారు."

"ట్రే మూల ఎక్కడుంది? చిల్లు ఎక్కడుంది?" ఆమె సంచి అతని మోకాలి మీద పెట్టింది. మురికి నీళ్ళు ప్యాంటు మీద కారాయి, అతను ఎగిరి లేచాడు. "ట్రేకి రెండు వేళ్ళ ఇవతల, సంచి ఖాళీగా ఉండే చోట పడింది చిల్లు. ట్రే అక్కడిదాకా నడిచొచ్చి పొడిచిందా?"

ఐదు సంచుల్నీ తిరిగి ఒకదాని మీద ఒకటి పేర్చింది. జేబులోంచి సన్నటి తీగ తీసి పై చిల్లులో దూర్చింది. తీగ అడ్డం లేకుండా ఐదు సంచుల్లోంచీ దిగి కింద తేలింది. పెట్టె మూత అట్ట మీద కూడా సరిగ్గా అదే చోట, టేపు అంచున, చిల్లుంది.

"దబ్బనం," అంది. "గోనెసంచులు కుట్టే దబ్బనంతో పైనుంచి ఒక్క పోటు. పెట్టెకి అయిదు సెకన్లు. ట్రే ఎక్కడ ఆగుతుందో, సంచి ఎక్కడ ఖాళీగా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాళ్ళు చేసిన పని ఇది. ముందు చిల్లులు, తర్వాత నీళ్ళు. మీ రిపోర్టులో ఈ దబ్బనం ఏ పేజీలో ఉంది?"

ఇస్త్రీ బాబు ప్యాంటు మీది నీళ్ళు రుమాలుతో అద్దుకున్నాడు. అతను తెలివితక్కువవాడు కాదు. వెంటనే దారి మార్చాడు.

"సరే, లోపలివాళ్ళ పనే అనుకుందాం. సంచిలో ట్రే ఎక్కడుంటుందో ప్యాకింగ్ సూపర్‌వైజరు కన్నా బాగా ఎవరికి తెలుసు? తన మనుషుల్ని తీసెయ్యమన్నారని కడుపుమంట. నిర్లక్ష్యం అని రాశాను, ఇప్పుడు కుట్ర అని రాస్తాను. థాంక్స్ మేడం."

భూతద్దం తీగ మడిచి జేబులో పెట్టుకుంది. ఆ పిల్లని కాపాడబోయి తనే ఇరికించింది. ఇప్పుడు చిల్లులు ఏ టైములో పడ్డాయో రుజువు చేస్తే తప్ప ఒడ్డెక్కించే దారి లేదు. పదీ అయిదు నుంచి పదకొండుంపావు దాకా ఆ పిల్ల మీటింగులో ఉంది, ఆ మధ్యలో పడ్డాయని చూపించాలి. చిల్లు మీద టైము ఎవడు రాసుకుంటాడు?

అయినా ఒక్కో పెట్టే తిప్పి చూసింది. మూడూ పది అయింది. ఏడో వరసలో మూడో పెట్టె దగ్గర చెయ్యి ఆగింది. అన్నిటికీ ఒక పట్టీ టేపు, దీనికి మాత్రం పాత టేపు మీద ఇంకో పట్టీ వేశారు. అంటే ఒకసారి విప్పి మళ్ళీ అంటించారు. మూత తీసింది. నాలుగు సంచులు సీలుతోనే ఉన్నాయి. అన్నిటికన్నా కిందనున్న అయిదోది కత్తెరతో నీటుగా కోసి, మడిచి, క్లిప్పు పెట్టి ఉంది.

ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది. మొదటి పెట్టెకి పోటు వేశాక, దబ్బనం అయిదో సంచిదాకా దిగిందా లేదా అని అనుమానం వచ్చింది ఆ మనిషికి. అడుగు సంచి తెరిచి చూసుకున్నాడు. దిగింది. తృప్తిగా మిగతా పెట్టెలకి వెళ్ళాడు. పాడు చెయ్యడంలో కూడా శాంపిల్ చూసుకున్నాడు.

చూడకుండా ఉంటే బాగుండుననిపిస్తూనే సంచి తిప్పి లేబుల్ చూసింది. ఈ వ్యాపారంలో ప్రతి సంచి మీదా ఒక గడి ఉంటుంది, సంచి తెరిచిన తేదీ, టైము రాయడానికి. తెరిచిన దగ్గర్నుంచీ చిప్పులు ఇన్ని గంటల్లోపు వాడెయ్యాలని లెక్క కనక, తెరిచినవాడు రాసి తీరాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పే పాఠం అదే. ఏ సంచి తెరిచినా చెయ్యి దానంతటదే పెన్ను మీదికి వెళ్ళేదాకా వదిలిపెట్టరు.

గడిలో సోమవారం తేదీ ఉంది. దాని కింద 10.40.

అంకెలన్నీ ఎడమవైపుకి ఒరిగి ఉన్నాయి, ఎడమచేత్తో రాసినట్టు. నాలుగు అంకె కాలు గడి దాటి బారుగా కిందికి దిగింది. ఆ నాలుగుని భూతద్దం పదకొండేళ్ళపాటు తన తనిఖీ కాగితాల మీద చూసింది. ఆఖరిసారి చూసింది తన ఉద్యోగం తీసేసిన కాగితం మీద.

"ఏదైనా దొరికిందా?" అన్నాడు ఇస్త్రీ బాబు వెనకనుంచి.

ఆమె అరచెయ్యి లేబుల్ మీద పెట్టింది. ఒక్క క్షణం, అంతే. ఆ క్షణంలో ఆ సంచిని బ్యాగులో పడేసి ఇంటికి పోదామనుకుంది, ఇంకో దారి వెతుకుదామనుకుంది. క్యాంటీన్లో ఒంటరిగా కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. చెయ్యి తీసేసింది.

"మా పిల్ల పేరు కొట్టెయ్యండి మీ రిపోర్టులోంచి," అంది. లేబుల్ అతని వైపు తిప్పింది. "పదీ నలభైకి ఆ పిల్ల మీటింగులో నలుగురి ఎదురుగా ఉంది. ఇదిగో, ఫోటో తీసుకోండి, సంచి నేను తీసుకెళతాను. ఎవరి రాతో నన్నడక్కండి, అరగంట ఆగండి."

* * *

క్వాలిటీ హెడ్‌ని ఫ్యాక్టరీ అంతా మాస్టారు అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇక్కడ చేరిన ప్రతివాళ్ళకీ మొదటి పాఠం చెప్పింది ఆయనే. "సంచి తెరిచి చూశావా?" అన్నది ఆయన ఊతపదం. ఎవరేం చెప్పినా ముందు ఆ ప్రశ్నే వేస్తాడు. టీ బాగుందన్నా సరే, సంచి తెరిచి చూశావా అంటాడని వెనక నవ్వుకునేవాళ్ళు.

ఆయన గదిలో ఏమీ మారలేదు. అదే కర్రబల్ల, అదే మైక్రోస్కోపు, దాని మీద అదే నీలం గుడ్డ ముసుగు. మనిషే చిక్కిపోయాడు.

"రామ్మా. నువ్వొచ్చావని గేటు దగ్గర్నించి చెప్పారు. కూర్చో." ఆయన ఎడమచేత్తో కుర్చీ చూపించాడు. "ఏడేళ్ళయింది కదూ?"

"ఏడేళ్ళ రెండు నెలలు మాస్టారూ."

ఆమె కూర్చుంది. బ్యాగులోంచి సంచి తీసి బల్ల మీద, ఆయన ఎదురుగా పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని లేబుల్ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు, ఆ నవ్వు చూడటం కష్టమైంది ఆమెకి.

"రాశానా! రాసినట్టే గుర్తులేదు."

"ఎందుకు చేశారు మాస్టారూ?"

"నువ్వు డిటెక్టివ్‌వి. నువ్వే చెప్పు."

"డబ్బుకి కాదు. మీరు ఆ రకం కాదు. రోడ్డవతలి వాళ్ళ కోసమూ కాదు. ఇంతకు మించి నాకు తెలీదు."

మాస్టారు సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. వరస నంబర్లు మాత్రం ఉన్నాయి, వాటి ఎదురుగా పేర్లు లేవు. చివరి నంబరు మూడు వందల పది.

"ఆ రోజు ముప్ఫై ఏడు పేర్లు రాసిమ్మన్నారు. రాశాను. నీ పేరు పంతొమ్మిదోది. రాసి ఇంటికెళ్ళి భోంచేశాను కూడా. మిగతావాళ్ళు నిలబడతారులే అని సర్దిచెప్పుకున్నాను. ఈసారి మూడొందల పది అన్నారు. పాత సరుకు గోడౌన్లో మూలుగుతుంటే కొత్తది చెయ్యడం దేనికి, లైను ఆపేద్దామన్నారు. నాకు చెయ్యి రాలేదమ్మా. పాత సరుకు పోతే లైను నడవక తప్పదు కదా అనిపించింది. ఇన్సూరెన్సు వాళ్ళు కంపెనీకి ఇస్తారు, సరుకు తగ్గితే ధర లేస్తుంది, ఎవరికీ నష్టం లేదనుకున్నాను. చిప్పులు ఊడదీసే వేడిగాలి గన్ను ఉంటుందిగా, పదకొండూ ఇరవైకి నిచ్చెనెక్కి అది రెండు నాజిల్స్ దగ్గరా పట్టాను. వేడి తగిలితే నీళ్ళు వదలడానికి వాటిలో ఉండే గాజుముక్కలు టప్పున పగిలాయి."

"ఎవరికీ నష్టం లేదా? ఆ పిల్ల నాలుగు రోజుల్నించి అన్నం ముట్టలేదు. మీరు చేర్పించిన పిల్లే."

ఆయన తల దించుకున్నాడు. "సీలు తప్పంటారని ఊహించలేదు. నీళ్ళని తప్పుపడతారనుకున్నాను. తెలిసిన రోజే ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. ఇద్దామని పైకి వెళ్ళి, తలుపు దగ్గర్నించి వెనక్కొచ్చాను. రోజూ అదే వరస. రేపు ఇస్తాను, రేపు ఇస్తాను అని... పిరికితనమమ్మా. ఇంత వయసొచ్చి ఇంత పిరికివాణ్ణని తెలుసుకోవడం ఎంత సిగ్గో నీకు తెలీదు."

భూతద్దానికి కోపం రావాలి. ఏడేళ్ళుగా దాచుకున్న మాటలు ఉన్నాయి, ఈ మనిషి మొహం మీద అనాలనుకున్నవే అన్నీ. ఒక్కటీ నోటికి రాలేదు. తన కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి ఇప్పుడు బల్ల మీద ఎముకలు తేలి కనిపిస్తుంటే, ఈ ఏడేళ్ళలో ఒక్కసారైనా వచ్చి చూసి ఉండాల్సిందే అనిపించింది.

"ఆ ఉత్తరం నాకివ్వండి. నాలుగవుతోంది. ఐదు లోపల పర్సనెల్ ఆఫీసుకి నేనూ మీతో వస్తాను."

ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసిచ్చాడు. చేతులు దులుపుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. "ధర మాత్రం లేచింది చూశావా? ముప్ఫై ఒకటి నించి యాభై రెండు. మూడొందల పది మందికి ఇంకో ఏడాది బతుకు. ఆ చెత్త సరుకు ఎలాగూ పారేసేదేగా."

ఆ మాట దగ్గర భూతద్దం ఆగిపోయింది.

ముప్ఫై ఒకటి దగ్గర ఆ సరుకు చెత్తే. యాభై రెండు దగ్గర?

"మాస్టారూ, స్క్రాప్ గదిలో ఎన్ని పెట్టెలు పెట్టించారు?"

"రెండొందల పన్నెండు. దగ్గరుండి లెక్కపెట్టాను."

"ఇప్పుడు నూట నలభై ఉన్నాయి. డెబ్బై రెండు లేవు." ఆమె క్యాంటీన్ వైపు చెయ్యి చూపించింది. "ప్యాకింగ్ హాలుకి తాళం వేసి నాలుగు రోజులైంది. ఇందాక క్యాంటీన్లో ఆ గోడకి ఆనుకున్నాను. వెచ్చగా ఉంది. ఆ గోడకి అవతల ఏముంటుంది?"

మాస్టారు మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. "బేకింగ్ ఓవెన్. తేమ పట్టిన చిప్పుల్ని ఆరబెట్టేది."

"ఆరబెడితే?"

"తేమ పోతుంది. తుప్పు పోదు. తుడిస్తే పైకి కనపడదు. టెస్టులో కూడా పాసవుతుంది. బిగించాక నెలో, ఆరు నెలలో పనిచేసి, ఎప్పుడో ఉన్నట్టుండి ఆగిపోతుంది." ఆయన లేచి నిలబడ్డాడు. "అలా చెయ్యరమ్మా. నా సంతకం లేకుండా గేటు దాటదు ఏ సరుకూ. నేను చూడకుండా..."

మాట మధ్యలో ఆగింది. ఆయన చూపు బల్ల మీది ట్రేలోకి వెళ్ళింది. అందులో పొద్దుటి కాగితాల కట్ట ఉంది, చిన్నల్లుడి ఆఫీసు నుంచి ప్యూను తెచ్చి పెట్టిన కట్ట. భూతద్దం ఒక్కో కాగితం తిప్పింది. సెలవు చీటీలు. టెస్టు రిపోర్టులు. తొమ్మిదో కాగితం సరుకు విడుదల పత్రం నకలు. పెట్టెలు డెబ్బై రెండు. కొత్త సంచులు, కొత్త లేబుళ్ళు, ధర యాభై రెండు. కొనేవాళ్ళు బస్సుల బ్రేకులకి కంట్రోల్ పెట్టెలు చేసే కంపెనీ. లారీ బయలుదేరే టైము పదిగంటలని ఉంది, అది వెళ్ళి ఆరు గంటలు కావస్తోంది.

కింద క్వాలిటీ హెడ్ సంతకం ఉంది. పక్కన టైము, 9.40. నాలుగు కాలు గీత దాటి బారుగా కిందికి దిగింది.

భూతద్దం కాగితం ఆయన ముందుకి జరిపింది. చేర్చుకున్న మొదటిరోజు ఆయన తనని అడిగిన ప్రశ్న, పదకొండేళ్ళపాటు రోజూ అడిగిన ప్రశ్న, ఇప్పుడు తనే ఆయన్ని అడగాల్సి వచ్చింది.

"సంచి తెరిచి చూశారా మాస్టారూ?"

ఆయన ఆ కాగితం వైపే చూస్తూ, ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయాడు.

"పొద్దున... ఆ ఉత్తరం ఎలా ఇవ్వాలా అనే ఆలోచిస్తున్నాను. కట్ట తెచ్చి పెట్టారు. వరసగా పెట్టుకుంటూ పోయాను." ఆయన కళ్ళజోడు తీసేశాడు. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. చూడలేదమ్మా."